మైకు ఆపి చదివిన పేరు

తాడిపత్రిలో బండలు కోసి పాలిష్ చేసే మిల్లుల మధ్య, ఒక మిద్దె మీద మా రేడియో ఉండేది. చిన్న రేడియో. పట్టణం దాటి యాడికి అనే ఊరి దారిలో కొన్ని పల్లెల వరకు బాగా వినిపించేది, ఆ తర్వాత గరగరమంటూ పోయేది. ఒక స్వచ్ఛంద సంస్థ వాళ్ళు నడిపేవారు. నేను అక్కడ ఐదేళ్ళు అనౌన్సరుగా పనిచేశాను. మాది ధర్మవరం. నాయన పట్టుచీరలు నేసేవాడు. మా ఇంట్లో మగ్గం కాక మరో పని చేసిన మొదటి మనిషిని నేనే. ఆ గర్వం నాకు బాగానే ఉండేది.

పొద్దున ఏడున్నరకు నా కార్యక్రమం. దాని పేరు ‘ఈ రోజు’. ఈ తేదీన పుట్టిన గొప్పవాళ్ళెవరు, ఈ తేదీన ప్రపంచంలో ఏం జరిగింది, ఈ తేదీన సంగీతంలో ఏ విశేషం ఉంది, ఈ మూడూ చెప్పి మధ్యమధ్య పాటలు వేసేదాన్ని. ఎక్కడో ఒక ఓడ మునిగింది, ఎక్కడో ఒక రాజు గద్దె దిగాడు, ఒక వయొలిన్ విద్వాంసుడు పుట్టాడు, ఒక గాయని తన మొదటి పాట రికార్డు చేసింది, ఇలాంటివి. ముందురోజు సాయంత్రం ఫోన్లో వెతికి కాగితం మీద రాసుకునేదాన్ని. ఎనిమిది గంటలకు కింద మిల్లుల్లో బండలు కోసే మిషన్లు మొదలయ్యేవి. ఆలోపు అయిపోవాలి. ఆ మోత మొదలైతే స్టూడియో గోడలకు ఎంత స్పాంజి అంటించినా లాభం లేదు.

మేం ముగ్గురమే. నేను, మిక్సర్ దగ్గర కూర్చునే టెక్నీషియన్ అన్న, అన్నీ చూసుకునే మేనేజరు సారు. సారుకు అరవై దాటాయి. ఏదో ఆఫీసులో రిటైరై వచ్చాడు. ‘ఈ రోజు’లో చదివే ప్రతి పేరూ ఆయన చూసి టిక్కు పెట్టాలి. ‘ప్రముఖులు మాత్రమే’ అని నా కాగితాల ఫైలు మీద ఆయనే ఎర్ర పెన్నుతో రాశాడు.

నేను చేరిన రెండో ఏడు, ఆగస్టులో ఒక పొద్దున, కార్యక్రమం ముగించుకుని బయటికి వచ్చేసరికి మెట్ల దగ్గర ఒక ముసలామె కూర్చుని ఉంది. పొట్టి మనిషి. ముదురు ఆకుపచ్చ చీర, కాళ్ళకు ప్లాస్టిక్ చెప్పులు. నన్ను చూసి లేచి నిలబడింది.

“పొద్దున మాట్లాడేది నువ్వేనా పాపా? ఇంత సన్నంగుండావే! రేడియాలో ఇంటే పెద్దామె అనుకుంటి.”

నవ్వి, ఏం కావాలని అడిగాను. ఆమె కొంగు ముడిలోంచి ఒక పాల ప్యాకెట్ కవరు తీసింది. అందులో మడతల దగ్గర చిరిగిపోతున్న ఒక టైపు చేసిన జాబు. ఎన్నో ఏళ్ళ కిందటిది. ఒక పెద్ద రేడియో వాళ్ళు రాసింది. మీరు పాడిన కలుపు పాటలు ఫలానా తేదీన, ఫలానా సమయానికి ప్రసారమవుతాయి అని ఉంది. ఆ తేదీ, ఆమె వచ్చిన ఆ రోజు తేదీ ఒకటే. ఆ తేదీ ఏదో ఇక్కడ రాయను. రాస్తే ఆమెను గుర్తుపట్టే వాళ్ళున్నారు.

పెళ్ళయి వచ్చిన కొత్తలో ఆమె శనక్కాయ చేలో కలుపు తీస్తూ పాడుతూ ఉంటే, పంటల గురించి రికార్డు చేసుకోవడానికి వచ్చిన రేడియో వాళ్ళు విన్నారట. వ్యానులో ఎక్కించుకుని పోయి పాడించుకున్నారట. పాట వచ్చిన రోజున ఊరంతా ఒకే ఇంట్లో ఉన్న ఒకే రేడియో ముందు కూర్చున్నారట.

“నా పాట నేనే ఇంటి. నా మొగుడు నా పక్క జూసి, రోంతసేపు తల దించుకోని కూసున్నాడు. ఆయప్ప అట్ల కూసునేది నేను ఎప్పుడూ జూడల్యా” అంది.

ఆ తర్వాత ఎవరూ ఆమెను పిలవలేదు. ఒక్కసారే. మొగుడు పోయి చాలా కాలమయింది. కొడుకు, కోడలు, ఐదారు మేకలు.

“ఆధార్ కార్డోళ్ళు వచ్చినప్పుడు పుట్టిన తేదీ ఏందవ్వా అనిరి. నాకేం తెల్సు? కరువులో పుడితివని మాయమ్మ చెప్తాండె, అంతే. ఈ జాబు సూపించి, దీంట్లో ఉండే తేదీ ఏస్కోండి అంటి. ఇప్పుడు నా పుట్టినరోజూ అదే, నా పాట వచ్చిన రోజూ అదే. నువ్వు రోజూ పెద్దపెద్దోళ్ళవి సదువుతావు గదా. నాదీ ఒక మాట సదువు పాపా. శానా వద్దు, ఒక్క మాట.”

ఆ రోజు కార్యక్రమం అప్పటికే అయిపోయింది. సారును అడిగి చూస్తాలే అని పంపించాను. అడగలేదు.

మరుసటి ఏడు అదే తేదీన మళ్ళీ వచ్చింది. ఈసారి తెల్లవారుజామున మొదటి బస్సుకే బయలుదేరి, నేను రాకముందే వచ్చి కూర్చుంది. తువ్వాలులో శనక్కాయలు తెచ్చింది. నేను సారును అడిగాను. ఆయన జాబు వైపు చూడనైనా చూడలేదు.

“ఈమె పేరు చదివితే రేపు ఊరికొకరు వస్తారమ్మా. భజన చేసినోళ్ళు, తప్పెట కొట్టినోళ్ళు అందరూ మెట్ల మీద కూర్చుంటారు. చెప్పి పంపించు.”

నేను బయటికి వచ్చి, “ఈ ఏడు కుదరదంటవ్వా, వచ్చే ఏడు తప్పకుండా చదువుతా” అన్నాను. ఆమె పోతే చాలని అన్న మాట. ఆమె మాత్రం దాన్ని గట్టిగా పట్టుకుని పోయింది. శనక్కాయలు ముగ్గురం పంచుకుని తిన్నాం.

ఆమె రావడం మొదలైన మూడో ఏడు వానలు మొదట్లో రెండు పడి మానేశాయి. విత్తిన వేరుశనగ చెట్లు జానెడు లేచి, అంచులు ఎండుతూ నిలబడి ఉన్నాయి. ఆ ఏడు ఆమె వచ్చిన రోజు నాకు బాగా గుర్తుంది. కొత్త చీర కట్టుకుంది. తలకు నూనె రాసుకుని నున్నగా దువ్వుకుంది. నన్ను చూడగానే, “ఊర్లో అందరికీ చెప్పొచ్చినా పాపా. చేన్లో కలుపు తీసేటోళ్ళు గూడా ఫోన్లో రేడియా పెట్టుకోని ఇంటామనిరి” అంది.

నాకు చిరాకు పుట్టింది. “ఎవరు చెప్పమన్నారవ్వా నిన్ను? ఇంకా సారు ఒప్పుకోలేదు” అన్నాను.

“పోయినేడు నువ్వే తప్పకుండా అంటివి గదా.”

“పెద్దపెద్దవాళ్ళ పేర్లే చదవాలని రూలు ఉంది. నేనేం చేసేది?”

ఆమె నెమ్మదిగా, నన్ను తప్పుపట్టే గొంతుతో కాదు, తెలియక అడిగినట్టే అడిగింది. “మరి నీ పుట్టినరోజు నాడు నీ పేరు సదువుకుంటివి గదా పాపా. మేమంతా ఇంటిమి. మంచిగుండె.”

నిజమే. ఆ ఏడే మార్చిలో, ఆ రోజు పుట్టిన విద్వాంసుల పేర్లు చదివి, చివర్లో ‘మీ అనౌన్సరు పుట్టినరోజు కూడా ఈ రోజే’ అని నవ్వుతూ చెప్పుకున్నాను. సారు కేకు కూడా తెప్పించాడు. ఆ సంగతి ఈమె నోటి నుంచి వచ్చేసరికి నా ముఖం వేడెక్కింది. సిగ్గు అని అప్పుడు అనుకోలేదు. కోపం వచ్చిందనే అనుకున్నాను.

లోపలికి పోయి టెక్నీషియన్ అన్నతో విసుక్కున్నాను. అతను నవ్వాడు.

“ఇంతదానికేం తల్లీ? రెండు పాటలు వరసబెట్టి వేస్తా. అవి పోతాంటే నీ మైకు ఆపేస్తా. ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని చదివెయ్. కండ్ల ముందర చదివితే సాలు ఆమెకు. ఇంగ ప్రతి ఏడూ వచ్చే పీడ ఉండదు.”

సారు కూడా అక్కడే ఉన్నాడు. ఆయన వద్దనలేదు. “ఎట్లా చదువుతావో చదువు, మేం చూస్తాం” అని కుర్చీ గాజు అద్దం దగ్గరికి జరుపుకున్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పైగా కాగితం తీసుకుని నాలుగు బిరుదులు రాసుకున్నాను.

అవ్వను లోపలికి పిలిచాను. చెప్పులు మెట్ల దగ్గరే వదిలి వచ్చింది. కుర్చీ అంచు మీద కూర్చుంది. మైకును వేలితో తాకి, ఆ వేలిని కళ్ళకు అద్దుకుంది. పాట మొదలుకాగానే గాజు అవతల నుంచి అన్న బొటనవేలు చూపించాడు. నేను గొంతు సవరించుకుని మొదలుపెట్టాను.

“శ్రోతలారా, ఈ రోజే జన్మించిన పల్లెపదాల పట్టపురాణి, కలుపు పాటల మహారాణి, గాన విదుషీమణి...” అని ఆమె పేరు చదివాను. ఎన్నో ఏళ్ళ కిందట సరిగ్గా ఇదే రోజున ఆమె పాట రేడియోలో తొలిసారి వినిపించిందనీ, సంగీత చరిత్రలో అది మరువలేని ఘట్టమనీ చదివాను. గాజు అవతల సారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. అన్న బల్ల మీద తల వాల్చి భుజాలు ఊపుతూ నవ్వుతున్నాడు.

అవ్వ నా చెయ్యి పట్టుకుని, మైకుకు వినపడకుండా చెవి దగ్గరికి వంగి, “నా మొగుని పేరు గూడా సదువు పాపా” అంది. అదీ చదివాను. ఫలానా వారి భార్య అని.

అప్పుడు నాకు ఇంకా సరదా పుట్టింది. “అవ్వా, శ్రోతల కోసం ఒక పాట పాడతారా?” అన్నాను.

ఆమె భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. కొంగు భుజం మీదికి లాక్కుని, మైకుకు ఎంత దూరంలో ఉండాలో తెలిసిన మనిషిలాగా కొంచెం వెనక్కి జరిగి, పాడింది.

“మబ్బు మామా మబ్బు మామా యాడికి పోతావు
మా చేను దాటి పోతే నీకు సుట్టాలెవరుండారు...”

పాట పొడుగైంది. మబ్బును అడుగుతుంది, బతిమాలుతుంది, తిడుతుంది, చివరికి చేలో ఎండిపోయిన మొక్కల పేరు చెప్పి ఒట్టు పెడుతుంది. ఆమె గొంతులో వయసు తాలూకు జీర ఉంది కానీ ఎక్కడా జారలేదు. నాకు కాస్తో కూస్తో పాట తెలుసు. రోజూ వినేదాన్ని, వినిపించేదాన్ని. ఆ పాట ఎంత బాగుందో నాకు ఆమె రెండో చరణంలోనే తెలిసింది. తెలిసీ అన్నకు రికార్డు నొక్కమని సైగ చేయలేదు. చేస్తే నవ్వు చెడిపోతుంది కదా. ఎనిమిదికి ముందే అయిపోయింది. ఆ గదిలో నేనొక్కదాన్నే విన్నాను. గాజు అవతలి వాళ్ళకు ఆమె పెదవులు కదలడం మాత్రమే కనిపించింది.

ఆమె వెళ్ళేటప్పుడు నా బుగ్గలు రెండు చేతులతో నిమిరి, మెటికలు విరిచింది. “బొరుగులు బెల్లం కొనుక్కోని పోతా, ఊర్లో పంచల్ల” అంది. సారు ఆమెకు దండం పెట్టాడు. ఆమె కూడా తిరిగి దండం పెట్టింది. ఆమె మెట్లు దిగిపోయాక మేం కడుపు పట్టుకుని నవ్వాం.

“గొంతు బాగుండేదేమో, రికార్డు చేసినావా?” అని సారు అడిగాడు.

“మైకే లేదు కద సార్, ఏం రికార్డు?” అని అన్న అనేసరికి మళ్ళీ నవ్వాం.

రెండు వారాల తర్వాత, ఎండిన వేరుశనగ చేల గురించి రైతులతో మాట్లాడించి కార్యక్రమం చేయాలని సారు నన్ను వెంటబెట్టుకుని పల్లెలకు బయలుదేరాడు. ఆటోలో పోతూ ఉంటే మూడో ఊరు ఆమె ఊరని నాకు తెలిసింది. వద్దని చెప్పడానికి కారణం దొరకలేదు. ఆటో దిగగానే సారు రచ్చకట్ట దగ్గరికి పోయి రైతులను పోగు చేయడం మొదలుపెట్టాడు. నేను రికార్డరు సర్దుకుంటూ వెనకబడ్డాను. అప్పుడు ముప్పై ఐదేళ్ళ మనిషి ఒకామె నా దగ్గరికి వచ్చింది. అవ్వ కోడలు.

“రేడియా అక్క నువ్వే గదా? ఒక మాట అడుగుతా, నిజం చెప్పల్ల.”

చెప్పమన్నాను.

“ఆ దినం మేం ఎనిమిది మందిమి చేన్లో ఉంటిమి. నీళ్ళ బిందె పక్కన ఫోను పెట్టుకోని ఎనిమిది దాకా ఇంటిమి. ఎవరెవరివో పేర్లొచ్చె. పాటలొచ్చె. మాయత్త పేరు రాల్యా. మధ్యాన్నం ఆయమ్మ బస్సు దిగి, బొరుగులు పంచుతా, ఇంటిరా, ఇంటిరా అని ఇల్లిల్లూ తిరిగె. ఎవురూ పలకల్యా. ఒకామె నగె. అంతే, ఇంగ అందరూ నగిరి. ఆ పాప సదివె, నా కండ్లతో సూస్తి, నేను పాట గూడా పాడితి అనె. అంత పాట పాడితే మాకెట్ల ఇనపడల్యా, ముసిలామెకు మతి పోయిందన్నారు. ఇప్పుడు పిల్లా పెద్దా ఆయమ్మను ‘రేడియా’ అని పిలుస్తాండారు. నా మొగుడైతే ఊర్లో తల ఎత్తుకోలేకుండా చేస్తివని ఆయమ్మతో మాట్లాడేదే నిలిపేసినాడు. ఎదురుగా కూసోని అన్నం తింటాడు, మాట్లాడడు. సదివితిరా, లేదా? అది చెప్పక్కా.”

“సారు పిలుస్తున్నాడు” అని నేను రచ్చకట్ట వైపు నడిచాను. సారు పిలవలేదు.

ఇరవై మందికి పైగా చేరారు. నేను రికార్డరు ఆన్ చేసి ఒక రైతును ప్రశ్నలు అడుగుతున్నాను. ఎంత విత్తారు, ఎన్ని వానలు పడ్డాయి అని. అంతలో జనాన్ని పక్కకు తోసుకుంటూ అవ్వ వచ్చింది. ఎవరో చెప్పి ఉంటారు. పరుగెత్తి వచ్చినట్టుంది, రొప్పుతోంది. వెనక నుంచి ఎవరో, “వచ్చెరా రేడియా” అన్నారు. నవ్వులు లేచాయి.

ఆమె వాళ్ళ వైపు చూడలేదు. నా మణికట్టు పట్టుకుంది.

“వచ్చినావా తల్లీ! నువ్వే వస్తావని నాకు తెల్సు. అడగండప్పా ఇప్పుడు. ఈ పాపే సదివింది. నన్ను పక్కన కూసోబెట్టుకోని సదివింది. చెప్పు పాపా, సదివితివా లేదా? నా మొగుని పేరు గూడా సదివితివి గదా?”

అందరూ నన్నే చూస్తున్నారు. సారు నా పక్కనే ఉన్నాడు. ఆయన మోచేతితో నన్ను మెల్లగా పొడిచాడు. ఆ పోటు ఏమని చెప్పిందో నాకు తెలుసు. చదివాను అంటే ఎందుకు వినపడలేదని అడుగుతారు. మైకు ఆపాం అంటే అక్కడే మమ్మల్ని నిలదీస్తారు. పనిలోంచి తీసేస్తారేమో అనే భయం కూడా ఉంది. కానీ నన్ను ఆపింది అది కాదు. అంతమంది ముందు నేను ఎలాంటి మనిషినో నా నోటితో చెప్పుకోలేకపోయాను. అంతే.

“నాకు గుర్తు లేదవ్వా. రోజూ చాలా పేర్లు చదువుతాం” అన్నాను.

నవ్వులు ఈసారి పెద్దగా లేచాయి. ఒకాయన తొడ చరుచుకున్నాడు. “ఇనపడిందా రేడియా? ఇంగ ఇంటికి పో” అన్నాడు. ఆమె కొడుకు ఆ గుంపులోనే ఉన్నాడని తర్వాత తెలిసింది. అతను వచ్చి తల్లి రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. ఆమె వెనక్కి తిరిగి నన్నే చూస్తూ పోయింది. కోపంగా చూడలేదు. ఏదో గుర్తు చేయాలన్నట్టు చూసింది. “నీలం రంగు సొక్కాయి ఏసుకోనింటివి పాపా ఆ దినం” అంది. నిజమే, నీలం చుడీదారు వేసుకున్నాను.

ఆఫీసుకు వచ్చాక ఆ రికార్డింగు ఎడిట్ చేయాల్సింది నేనే. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ‘సదివితివా లేదా’ అనే గొంతు, తర్వాత నా గొంతు. నా గొంతు తొణకలేదు. వార్తలు చదివేటప్పుడు ఎంత స్పష్టంగా ఉంటుందో అంత స్పష్టంగా ఉంది. ఆ ముక్క కత్తిరించి పారేశాను. కార్యక్రమం బాగా వచ్చిందని సారు మెచ్చుకున్నాడు.

తర్వాతి ఏడాదంతా ఆ తేదీ వస్తుందని తెలుస్తూనే ఉంది. ఆమె రాదని కూడా తెలుసు. ఆ రోజు పొద్దున నేను కాగితం మీద మొదటి పేరుగా ఆమె పేరు రాసుకున్నాను. సారుకు చూపించలేదు. ఏడూ నలభైకి, మైకు ఆన్‌లో ఉండగా, బిరుదులేవీ లేకుండా చదివాను. పేరు, ఊరు, భర్త పేరు, ఎన్నో ఏళ్ళ కిందట ఇదే రోజు ఆమె పాడిన కలుపు పాట రేడియోలో వచ్చిందన్న మాట. గాజు అవతల అన్న చేతులు రెండూ పైకెత్తి ఇదేంటని అడిగాడు. సారు ఇంటి నుంచి ఫోన్ చేసి, “ఎవరిని అడిగి చదివినావు?” అని అరిచాడు. నేను ఎనిమిదికి ముగించి, సెలవు చీటీ బల్ల మీద పెట్టి బస్సెక్కాను.

దారి పొడుగునా నాకు ఏదో మంచి పని చేశానన్న సంతోషం ఉంది. ఆమె ఏడుస్తుందని, నేనూ ఏడుస్తానని, అంతటితో అయిపోతుందని అనుకున్నాను.

ఊరి బయట తుమ్మచెట్ల కింద మేకలు కాచుకుంటూ కనిపించింది. పక్కన కోడలు ఎండుకంపలు ఏరుతోంది. అవ్వ బాగా చిక్కిపోయింది. నన్ను గుర్తుపట్టింది కానీ లేవలేదు.

“అవ్వా, ఈ రోజు నీ పేరు చదివినా. నిజంగా చదివినా. అందరికీ వినపడేట్టు చదివినా” అన్నాను.

“నిజంగా సదివితివా?”

“నిజంగానే అవ్వా.”

“అయితే పోయినేడు సదివింది?”

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోనేలేదు. అంత దూరం వచ్చి, అంత సంతోషంగా వచ్చి, అది ఆలోచించలేదు. ఇక చెప్పక తప్పలేదు. మైకు ఆపేశామని చెప్పాను.

“ఎవురు ఆపిరి?”

“టెక్నీషియన్ అన్న.”

“నీకు తెల్సా?”

“తెలుసు.”

“నేను పాడేటప్పుడు గూడా తెల్సా?”

“తెలుసు అవ్వా.”

కోడలు కంపలు కింద పడేసి నిలబడింది. అవ్వ మాత్రం నేల వైపు చూస్తూ, తనలో తాను మాట్లాడుకున్నట్టు మాట్లాడింది.

“నేనేమనుకుంటినంటే, నువ్వు సదివితివి, అది గాల్లో యాడో తప్పిపోయింటాది, ఈ ఊరికి రాకపోయినా ఇంగో ఊరికి పోయింటాది అనుకుంటి. ఎవురో ఒకరు ఇనింటారు అనుకుంటి. రచ్చకట్ట కాడ నువ్వు గుర్తు లేదంటివి చూడు, అప్పుడు గూడా నిన్ను ఒక్క మాట అనుకోల్యా. రోజూ అన్నేసి పేర్లు సదివే పిల్ల, దానికి యాడ గుర్తుంటాది అనుకుంటి. ఊరంతా నగినా, కొడుకు మాట్లాడకపోయినా, ఏడాదంతా అదొకటి పట్టుకోనుంటి. ఇప్పుడొచ్చి అది గూడా తీసుకోని పోతాండావు.”

“తప్పయింది అవ్వా. క్షమించు.”

“ఏం చేస్కుందును దాన్ని?” అంది. వెటకారం కాదు. నిజంగానే అడిగింది. మేకలు పక్క చేను వైపు జరుగుతుంటే కర్ర తీసుకుని లేచి, వాటి వెనక పోయింది.

నేను కోడలిని అడిగాను, ఈ రోజు ఊళ్ళో ఎవరైనా విన్నారా అని. ఆమె తల అడ్డంగా ఊపింది.

“మా ఊర్లో మీ రేడియా ఎవురూ పెట్టడం లేదక్కా ఇప్పుడు. అందరూ ఫోన్లో బొమ్మలు చూస్తాండారు.” తర్వాత నా ముందుకు వచ్చి నిలబడింది. “నువ్వు ఒక పని చెయ్యి. బస్సుకు ఇంకా శానా సేపుండాది. ఊర్లోకి పోయి, రచ్చకట్ట కాడ, ఇప్పుడు చెప్పింది చెప్పు. ఆయమ్మ అబద్ధం చెప్పల్యా, మేమే మోసం చేస్తిమి అని చెప్పు. అంతే సాలు. నా మొగుడు గూడా ఆన్నే ఉండాడు.”

“సరే” అన్నాను.

ఊళ్ళోకి నడిచాను. రచ్చకట్ట మీద పది మంది దాకా ఉన్నారు. పేకాడుతున్నారు. వాళ్ళను దాటుకుని బస్సు ఆగే చోటికి పోయి, మూసి ఉన్న ఒక అంగడి అరుగు మీద కూర్చున్నాను. చెబుదామనే కూర్చున్నాను. ఒకరు ఆట ముగించి లేస్తే చెబుదాం, కాస్త ఎండ తగ్గాక చెబుదాం అనుకుంటూ రెండు గంటలు కూర్చున్నాను. చేలో పని ముగించుకుని ఆడవాళ్ళు కొందరు ఆ దారినే వచ్చారు. ఆ ఎనిమిది మందిలో వాళ్ళూ ఉన్నారేమో. ఒకామె నా దగ్గర ఆగి, నీళ్ళ బాటిలు చేతికిచ్చింది.

“ఎండకు మొగమంతా ఎర్రగైంది. ఎవురు పాపా నువ్వు? యాడికి పోవల్ల?”

నీళ్ళు తాగాను. బాటిలు తిరిగిచ్చాను.

“తాడిపత్రికి” అన్నాను. “బస్సు కోసం కూర్చున్నా.”

ఆమె తల ఊపి పోయింది. మూడున్నరకు బస్సు వచ్చింది. కిటికీ పక్క సీటు దొరికింది. బస్సు ఊరు దాటేటప్పుడు తుమ్మచెట్ల కింద ఇద్దరూ కనిపించారు. కోడలు బస్సు వైపే చూస్తోంది. ఆమెకు తెలిసిపోయి ఉంటుంది. నేను తల లోపలికి తిప్పుకున్నాను.